ఊరి మర: ఒక పాత ఫైరింజన్‌ను సొంత ఊరికి చేర్చిన పని

ఫైరింజన్ పంపుకు నీటి గొట్టాన్ని బిగించే కొత్త కప్లింగ్ రెండు చుట్లు సాఫీగా తిరిగి, మూడో చుట్టులో బిగుసుకుపోయింది. లేతు మీద పనిచేసే కుర్రవాడు దాన్ని వెనక్కి తిప్పి, మరలను, అంటే బిగింపు కోసం లోహంలో చుట్టూ కోసిన గాట్లను, వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, నూనె పూసి మళ్లీ ఎక్కించాడు. మళ్లీ అక్కడే ఆగింది. కప్లింగ్ ఎక్కాల్సిన అవుట్‌లెట్, అంటే పంపు నీళ్లు బయటికి వదిలే నోరు, ఎనభై ఏళ్లు దాటిన ఇత్తడిది, పైగా చాలాకాలం బురదనీటితో సహవాసం చేసింది. మరలు అరిగి వంకర పోయి ఉంటాయని అతను అనుకోవడంలో తప్పు లేదు. పని చీటీలో "నాలుగు అవుట్‌లెట్ల మరలు సరిచేయాలి" అని రాసి సంతకం పెట్టింది నేనే. మర్నాడు మధ్యాహ్నానికి మొదటి అవుట్‌లెట్ లేతుకెక్కింది, దాని మీద ప్రామాణిక కొలతతో కొత్త మర పడింది. కొత్త కప్లింగ్ చక్కగా కూర్చుంది. రెండో అవుట్‌లెట్‌ను విప్పుతున్నప్పుడు, ఎందుకో గానీ, థ్రెడ్ గేజి తీసి మరల మీద ఆనించి చూశాను. అంగుళానికి ఏడున్నర ఉండాల్సిన చోట ఎనిమిది ఉన్నాయి.

మరలు పాడు కాలేదు. అవి ముందునుంచీ వేరే మరలు.

ఆ బండి ఏ ఊరి కోసం తయారైందో చెప్పే నాలుగు సాక్ష్యాలలో ఒకటి అప్పటికే తుక్కుపొడిగా లేతు కింద పడి ఉంది. వాహనాల పునరుద్ధరణ పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. ఈ కేసును వివరంగా రాయడానికి మొదటి కారణం ఆ తుక్కుపొడే.

బండి మా దగ్గరికి వచ్చిన తీరు

1938 నాటి పంపర్ అది, అంటే సొంత పంపుతో నీళ్లు తోడి చిమ్మే ఫైరింజన్. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, ఛాసీ మధ్యలో గేరు పంపు, వెనుక గొట్టాలు మడిచి పెట్టుకునే చెక్క పలకల పెట్టె, కుడివైపు నిచ్చెన కొక్కేలు. పంపు సామర్థ్యం నిమిషానికి 750 గ్యాలన్లు, అంటే సుమారు 2,840 లీటర్లు. మొదట ఒక చిన్న ఊరి స్టేషన్‌లో మూడు దశాబ్దాలు పనిచేసిందని, ఆపైన పొరుగున ఉన్న మరో పట్టణానికి అమ్మేశారని, చివరికి ఒక పండ్లతోట యజమాని కొని నీరు తోడుకోవడానికి వాడుకున్నాడని చెప్పుకునేవారు. చెప్పుకోవడమే తప్ప కాగితం లేదు. తయారీ సంస్థ బిగించిన ఇత్తడి పలకను ఎవరో జ్ఞాపకంగా విప్పుకుపోయారు, నాలుగు మేకు రంధ్రాలు మాత్రం మిగిలాయి. ఛాసీ ముందు భాగంలో గుద్దిన క్రమసంఖ్యలో మూడు అంకెలను తుప్పు తినేసింది.

దాన్ని సొంత ఊరికి తీసుకురావాలని ఆ ఊరి విశ్రాంత అగ్నిమాపక సిబ్బంది, చిన్న మ్యూజియం నడిపేవారు కలిసి ఒక కమిటీగా ఏర్పడ్డారు. వాళ్లు నా ముందు పెట్టిన కోరికలు మూడు: బండి తనంతట తాను నడిచి ఊళ్లోకి రావాలి, జనం ముందు నీళ్లు చిమ్మాలి, అద్దంలా మెరవాలి. "ఇది మీ ఊరి బండేనని ఎలా తెలుసు?" అని అడిగాను. గదిలో ఉన్నవాళ్లందరూ నన్ను జాలిగా చూశారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడం పనిలో భాగంగా ఉండాలని ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకున్నాను. రాయించుకున్నది నేనే, దాన్ని మరచిపోయి అవుట్‌లెట్‌ను లేతుకు పంపిందీ నేనే.

తొలి పరిశీలనలో చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. ఓడోమీటరులో 11,000 మైళ్లే ఉన్నాయి. మామూలు లారీకైతే అది కొత్త బండి కింద లెక్క. ఫైరింజన్ జీవితాన్ని మైళ్లలో కొలవకూడదు. అది మంట దగ్గరికి రెండు మైళ్లు వెళ్లి, అక్కడ నిలబడి ఆరు గంటలు పూర్తి భారంతో పంపును తిప్పుతుంది. చక్రం కదలదు, ఓడోమీటరు కదలదు, ఇంజను మాత్రం అరుగుతూనే ఉంటుంది. దానికితోడు చల్లని ఇంజనును ఒక్కసారిగా పూర్తి వేగానికి లేపడం ఫైర్‌స్టేషన్‌లో నిత్యకృత్యం. అందువల్ల బేరింగుల మీద, సిలిండర్ల పైభాగంలో అరుగుదల మైళ్లతో ఏమాత్రం పొంతన లేకుండా ఉంటుంది. తోటలో గడిచిన ఏళ్లు ఆ లెక్కను ఇంకా పెంచాయి.

మరల కథ

గేజిలో ఎనిమిది కనిపించిన రోజు సాయంత్రం వర్క్‌షాపులో పని ఆపేశాను. మిగిలిన మూడు అవుట్‌లెట్లనూ గుడ్డ చుట్టి కట్టేశాం. అసలు ఎనిమిది మరలు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఒకప్పుడు గొట్టాల కప్లింగులకు ఒక దేశమంతటికీ వర్తించే కొలత అంటూ ఉండేది కాదు. ప్రతి ఊరూ తనకు హైడ్రెంట్లు, అంటే వీధుల్లో ఫైరింజన్ గొట్టాలు తగిలించుకునే నీటి కుళాయిలు, సరఫరా చేసినవాడి కొలతనే వాడేది. 1904 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోర్ నగరం తగలబడినప్పుడు వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ వంటి చోట్ల నుంచి ఇంజన్లు, మనుషులు సాయానికి వచ్చారు. చాలామంది గొట్టాలు బాల్టిమోర్ హైడ్రెంట్లకు ఎక్కలేదు. నీరుంది, పంపులున్నాయి, మనుషులున్నారు, మధ్యలో మర కలవలేదు. ఆ మంట 30 గంటలకు పైగా సాగి 1,500కు మించి భవనాలను మింగింది. తర్వాత అమెరికా ప్రమాణాల సంస్థ దేశమంతటి నుంచి కప్లింగులు తెప్పించి చూస్తే 600కు పైగా రకాలు తేలాయి. 1905లో రెండున్నర అంగుళాల గొట్టానికి అంగుళానికి ఏడున్నర మరలు అనే ప్రమాణం ఖాయమైంది.

ఆ ఏడున్నర అనే విచిత్రమైన అంకెలోనే నా కుర్రవాడి పొరపాటు దాగి ఉంది. అప్పటికే వాడుకలో ఉన్న కప్లింగులలో అంగుళానికి ఏడు మరలవీ, ఎనిమిది మరలవీ బాగా ఎక్కువ. రెండింటినీ కొద్దిగా కోసి, సడలించి దారికి తెచ్చుకోవడానికి వీలుగా మధ్య అంకెను ఎంచుకున్నారు. అంటే ఏడున్నర మర ఎనిమిది మర మీద మొదట్లో పట్టుకుంటుంది. తేడా చుట్టు చుట్టుకూ పెరిగి, రెండు మూడు చుట్లకు బిగుసుకుంటుంది. మా వర్క్‌షాపులో సరిగ్గా అదే జరిగింది. తుప్పు వల్ల బిగుసుకునేది ఎక్కడైనా బిగుసుకోవచ్చు, నూనె పడితే కొంత జరుగుతుంది. ప్రతిసారీ ఒకే చోట, శుభ్రం చేసినా ఒకే చోట ఆగిందంటే అది కొలత తేడా. ఈ మాట ఆ కుర్రవాడికి ముందే చెప్పి ఉండాల్సింది. ఆ తర్వాత మా దగ్గర ఒక నియమం పెట్టుకున్నాం: గేజితో కొలిచి పుస్తకంలో రాయనిదే ఏ మరనూ ముట్టుకోకూడదు.

ప్రమాణం వచ్చినంత మాత్రాన ఊళ్లన్నీ మారిపోలేదు. హైడ్రెంట్లు మార్చాలంటే డబ్బు, గొట్టాలు మార్చాలంటే ఇంకా డబ్బు. 1991లో కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్ కొండల్లో మంటలు చెలరేగినప్పుడు కూడా అక్కడి హైడ్రెంట్ల నోరు మూడు అంగుళాలు, సాయానికి వచ్చినవారి గొట్టాలు రెండున్నర అంగుళాలు. అలాంటప్పుడు 1938లో ఒక చిన్న ఊరు తన పాత మరతోనే కొత్త బండి చేయించుకోవడంలో ఆశ్చర్యం లేదు. కొనేవాళ్లు తమ కప్లింగు నమూనా ఒకటి ఫ్యాక్టరీకి పంపేవారు, అవుట్‌లెట్లు ఆ నమూనాకు తగ్గట్టు కోసేవారు.

కమిటీకి ఫోను చేసి, ఊళ్లో పాత హైడ్రెంటు ఏదైనా మిగిలిందా అని అడిగాను. పాత స్టేషన్ వెనుక గోడ పక్కన ఒకటుందట. నీటి లైను ఎప్పుడో తెంచేశారు, పీకడానికి ఖర్చని వదిలేశారు. కొలతలు చెప్పగల మనిషిని పెట్టమంటే, కొలతల కంటే మేలని మైనపు అచ్చు తీసి పంపారు. అంగుళానికి ఎనిమిది మరలు. బయటి వ్యాసం కూడా మన అవుట్‌లెట్లతో వెంట్రుక వాసి తేడాలో సరిపోయింది. రెండో పట్టణపు పాత కప్లింగు కూడా తెప్పించి చూశాం. అది మామూలు ఏడున్నర. వాళ్లు ఈ బండిని కొన్నాక మధ్యలో అడాప్టర్లు బిగించుకుని వాడుకున్నారన్నమాట. అవుట్‌లెట్ల మొదట్లో కనిపించిన గుండ్రటి పాన గాట్లకు కారణం అప్పుడు తెలిసింది.

రంగు కింద రంగు

బండి మాకు వచ్చేటప్పటికి ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో ఉంది. 1970లలో చాలా స్టేషన్లు ఆ రంగుకు మారాయి. మసక వెలుగులో మన కంటికి ఎరుపు నల్లగా కుంగిపోతుంది, పసుపుపచ్చ మాత్రం చివరిదాకా కనబడుతుంది. వాదన సరైనదే. కమిటీలో ఎవరికీ ఆ రంగంటే ఇష్టం లేదు, గీకి పారేయమన్నారు.

గీకే ముందు తలుపు లోపలి వైపు, ఎవరూ చూడని చోట, రంగు పొరలను మెట్లు మెట్లుగా అరగదీసి చూశాం. ముతక ఉప్పుకాగితంతో మధ్యలో మొదలుపెట్టి, సన్నది, మరీ సన్నది వాడుతూ బయటికి జరిగితే పొరలన్నీ చెట్టు మొద్దు వలయాల్లా ఒకదాని చుట్టూ ఒకటి బయటపడతాయి. నీళ్లు చల్లుకుంటూ, ముసుగు వేసుకుని మాత్రమే ఈ పని చేయాలి. ఆ కాలపు రంగుల్లో సీసం ఉంటుంది, పొడి దుమ్ము రేపితే ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. మాకు కనిపించింది ఇదీ: పసుపు, దాని కింద తెల్లటి ప్రైమర్, కింద నారింజ ఛాయ ఉన్న ఎరుపు, దాని కింద బూడిద రంగు ప్రైమర్, అట్టడుగున ముదురు ఎరుపు. ఆ ముదురు ఎరుపు మీద వార్నిష్ పొర బాగా మందంగా ఉంది. మూడు దశాబ్దాలు రోజూ తుడిచి మైనం పెట్టిన బండిలో అట్టడుగు పొర అలా నిలవడం సహజం.

పక్క పలకల మీద పేరు వెతకడానికి రాత్రి దాకా ఆగాం. దీపాలన్నీ ఆర్పి, ఒక్క లైటును పలకకు దాదాపు సమాంతరంగా పెట్టి చూస్తే, పై పొరల కింద అక్షరాల అంచులు సన్నగా ఉబ్బి నీడ వేస్తాయి. బంగారు రేకుతో రాసిన అక్షరాల చుట్టూ నల్లటి అంచు గీస్తారు. ఆ అంచు రంగు మందమే ఇన్నేళ్ల తర్వాత కూడా పైకి తన్నుతుంది. లైటును అటూ ఇటూ జరుపుతూ నలభై ఫొటోలు తీశాం. ఎడమ పలక మీద ఊరి పేరులో చివరి నాలుగు అక్షరాలు, వాటి కింద 3 అంకె తేలాయి. కుడి పలక మీద ఏమీ లేదు. ఆ పలక ఎప్పుడో మార్చింది, దాని వెనుక రివెట్లకు బదులు బోల్టులున్నాయి.

ఇక్కడ కమిటీతో మొదటి వాదన. ఎడమ పలక మీద పై పొరలు మాత్రం మెల్లగా తొలగించి అసలు బంగారాన్ని బయటికి తెస్తానన్నాను. అక్కడక్కడా ఊడిన బంగారంతో బండి చూడడానికి బాగుండదని వాళ్లన్నారు. మూడు వారాలు ఉత్తరాలు నడిచాయి. చివరికి కుదిరిన రాజీ ప్రకారం ఎడమ వైపు పాత అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు నిలిపి, కుడి వైపు మార్చిన పలక మీద ఆ అక్షరాల కొలతతోనే కొత్త బంగారం వేశాం. రేకు అతికించే నూనె జిగురు ఆరడమే ఈ పనిలో పరీక్ష. వేలి కణుపుతో తాకితే అంటకూడదు, కానీ కీచుమని చిన్న శబ్దం రావాలి. ముందే రేకు పెడితే బంగారం మునిగి కాంతి చస్తుంది, ఆలస్యమైతే ఊడిపోతుంది. మా దగ్గర ఆ పని చేసే పెద్దాయన ఆ కీచు కోసం రాత్రి ఒంటిగంటకు లేచి వర్క్‌షాపుకు వచ్చారు. పనివాళ్లలో ఆయనకు మాత్రమే నేను ఎప్పుడూ గడువు చెప్పను.

ఇంజను, పంపు

ఇంజను బిగుసుకుపోయి ఉంది. ఇలాంటి ఇంజనుకు స్టార్టర్ తగిలించే తొందర కలిగిన వాళ్ల వల్ల విరిగిన పిస్టన్లను ఎన్నో చూశాను. ప్లగ్గులు విప్పి, గొట్టపు కెమెరాతో లోపల చూస్తే రెండు సిలిండర్లలో పైభాగాన తుప్పు వలయం కనిపించింది. అన్నింటిలోనూ పలుచటి నూనె మిశ్రమం నింపి, మూడు వారాలు రోజూ కాస్త కాస్త పోస్తూ వదిలేశాం. తర్వాత ఆయిల్ సంపు దించి, ఫ్లైవీలును పొడవాటి కడ్డీతో అటు వెంట్రుక వాసి, ఇటు వెంట్రుక వాసి కదిపాం. కదిలిన రోజు ఎవరూ కేకలు వేయలేదు గానీ, అందరం మధ్యాహ్నం పని మానేసి దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఆ రెండు సిలిండర్ల లోపలి గోడలను సానరాళ్లతో నున్నగా రుద్ది (హోనింగ్ చేసి), కొత్త రింగులు వేశాం. మిగిలిన నాలుగింటినీ ముట్టుకోలేదు.

ఈ ఇంజనులో నాకు బాగా నచ్చేది జ్వలనం ఏర్పాటు. సిలిండర్‌కు రెండేసి చొప్పున పన్నెండు స్పార్క్ ప్లగ్గులు. ఒక వరుసకు బ్యాటరీ, డిస్ట్రిబ్యూటర్. రెండో వరుసకు బ్యాటరీ అవసరమే లేని మాగ్నెటో. మంట దగ్గర ఒకటి చచ్చినా రెండోదాని మీద ఇంజను నడుస్తూ ఉండాలి. విడివిడిగానూ, కలిపీ పరీక్షించడానికి డాష్‌బోర్డులో మీట ఉంది. కమిటీ బడ్జెట్‌లో మాగ్నెటో మరమ్మతు కొట్టేశారు, బ్యాటరీ వరుస చాలు కదా అని. నేను వినలేదు, ఆ భాగం ఖర్చు మా వర్క్‌షాపే భరించింది. వ్యాపారం తెలిసినవాడు చేసే పని కాదని మా లెక్కలు చూసే ఆవిడ ఇప్పటికీ అంటుంది.

పంపు దగ్గర అసలు కష్టం మొదలైంది. ఇది నీటిని గిరగిరా తిప్పి బయటికి విసిరే సెంట్రిఫ్యూగల్ రకం కాదు. రెండు పెద్ద గేర్ల వంటి రోటర్లు ఒకదానిలో ఒకటి తిరుగుతూ, పళ్ల సందుల్లో నీటిని పట్టి మోసుకెళ్లే రకం. లోపల తడి ఉంటే చాలు, గాలిని తనే లాగేసుకుని చెరువులోంచి నీరు పైకి తెచ్చుకోగలదు. దీని బలహీనత ఇసుక. రోటర్లకూ గోడకూ మధ్య ఉండాల్సిన సందు అతి తక్కువ, తోటలోని చెరువు నీరు ఆ సందును ఏళ్లపాటు ఉప్పుకాగితంలా రాసింది. పైగా ఏదో ఒక చలికాలం లోపలి నీరు తీయకుండా వదిలేయడంతో అది గడ్డకట్టి, పోత ఇనుప గోడ అడుగున జానెడు పగులు పడింది.

వెల్డింగ్ చేద్దామన్నారు. పోత ఇనుముకు వెల్డింగ్ పెట్టాలంటే మొత్తం కేసింగ్‌ను ముందుగా సమంగా వేడిచేసి, తర్వాత ఇంకా మెల్లగా చల్లార్చాలి. లేకపోతే అతుకు పక్కనే కొత్త పగులు వస్తుంది. వేడికి కేసింగ్ కొంచెం వంగినా రోటర్లు రాసుకుంటాయి. అందుకని కుట్టు పద్ధతి ఎంచుకున్నాం. పగులుకు అడ్డంగా తాళాల్లాంటి లోహపు పట్టీలు దించి, పగులు పొడవునా ఒకదానిలో ఒకటి దిగబడేలా మరమేకులు బిగించి, తలలు కొట్టేసి, సుత్తితో అదిమేయడమే ఆ పద్ధతి. వేడి అసలు లేదు. ముప్పై ఎనిమిది మేకులు పట్టాయి. రంగు వేయకముందు ఆ వరుస చేతికుట్టులాగే కనిపిస్తుంది.

షాఫ్టు చుట్టూ నీరు కారకుండా కుక్కే పాత గ్లాండు ప్యాకింగులోనూ, బ్రేకు లైనింగుల్లోనూ, పొగగొట్టం చుట్టూ ఉన్న పట్టీలోనూ ఆస్బెస్టాస్ ఉంటుందన్న అనుమానంతో నమూనాలు పరీక్షకు పంపాం. మూడింటిలో రెండింట్లో ఉంది. వాటిని తీసే పని లైసెన్సు ఉన్నవాళ్లకే అప్పగించాం. బ్రేకు డ్రమ్ములను కంప్రెసర్ గాలితో ఊదే అలవాటు ఎవరికైనా ఇంకా ఉంటే, పాత బండ్ల మీద దయచేసి మానండి.

పంపును మూసి, శూన్యత పరీక్ష పెట్టాం. పాదరసం లెక్కన 22 అంగుళాల శూన్యత లాగి, ఆపి, ఐదు నిమిషాలు చూడాలి. ఆ వ్యవధిలో పతనం 10 అంగుళాలు మించకూడదు. మొదటిసారి మాకు 14 పడిపోయింది. గాలి లోపలికి ఎక్కడ దూరుతోందో చెవికి దొరకదు కాబట్టి, పంపులోకి తక్కువ పీడనంతో గాలి నింపి, సబ్బు నురగ పూసి చూశాం. గ్లాండు దగ్గర బుడగలు వస్తాయనుకున్నాం, వచ్చాయి. ఎవరూ ఊహించనిది ఒక డ్రెయిన్ కుళాయి. బొటనవేలంత ఉండదు, అందులోంచే సగం గాలి. రెండూ సరిచేశాక పతనం 4 అంగుళాలకు దిగింది. 22 అంగుళాల శూన్యతకు నీరు సిద్ధాంత రీత్యా ఏడున్నర మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది.

నీటి పరీక్షలో అసలు సామర్థ్యంలో నాలుగింట మూడు వంతులకు కాస్త పైన వచ్చింది. ఆ రోజుల్లో 750 గ్యాలన్లను చదరపు అంగుళానికి 120 పౌండ్ల పీడనం దగ్గర లెక్కించేవారు, మేమూ అక్కడే కొలిచాం. కొత్త రోటర్లు పోత పోయిస్తే మిగతాది కూడా వస్తుంది. వద్దన్నాను. ఈ పంపు ఇక మంట ఆర్పబోదు, జనం ముందు నీళ్లు చిమ్మడానికి సగం చాలు. మార్చిన చోటల్లా ఆ ఊరి నీటిని మోసిన లోహం కొంత పోతుంది. పీడనం మితిమీరితే నీటికి దారి వదిలే రిలీఫ్ వాల్వు విషయంలో మాత్రం రాజీ పడలేదు. ఈ రకం పంపు నడుస్తుండగా నాజిల్ మూసేస్తే నీటికి పోయే దారి ఉండదు, గొట్టమైనా పగలాలి, షాఫ్టయినా విరగాలి. ఆ వాల్వు స్ప్రింగు కొత్తది వేసి, ముప్పైసార్లు మూసి తెరిచి చూశాం. ప్రదర్శనలో 80 పౌండ్లు దాటవద్దని పంపు పక్కనే పలక తగిలించాం. కొత్త గొట్టాల కోసం ఎనిమిది నుంచి ఏడున్నరకు మార్చే ఇత్తడి అడాప్టర్లు మూడు కోయించాం. మొదటి అవుట్‌లెట్‌కు అడాప్టర్ అక్కరలేదు, దానికి కారణం మీకు తెలుసు.

సొట్ట

వెనుక ఎడమ మడ్‌గార్డు మీద పెద్ద సొట్ట ఉంది. దాన్ని కనీసం మూడుసార్లు కొట్టి సరిచేశారు, మళ్లీ మళ్లీ అక్కడే పడింది. మా డెంటింగ్ మేస్త్రి దాన్ని చూసి, "సార్, ఈ డ్రైవరుకు ఎడమ కన్ను కనబడేది కాదా?" అన్నాడు. లోపలి వైపు సుత్తి గుర్తులు మూడు రకాలు. అట్టడుగు సొట్ట మీద ముదురు ఎరుపే ఉంది, అంటే అది మొదటి ఊళ్లోనే పడింది.

పాత స్టేషన్ గుర్రపు బండ్ల కాలంలో కట్టింది. తలుపు సన్నం, గోడ మూలలు విరగకుండా రెండు వైపులా రాతి గుంజలు పాతారు. వాటి ఎత్తు కొలిచి పంపమన్నాను. బండికి ఇప్పుడున్న టైర్లు ఎత్తు తక్కువవి కాబట్టి అసలు కొలత టైర్ల లెక్క వేసి సరిచూస్తే, సొట్ట మధ్యభాగం ఎడమ గుంజ తలకు అరంగుళం తేడాలో వచ్చింది. స్టేషన్ ముందు రోడ్డు వాలు. బండిని వెనక్కి పెట్టేటప్పుడు ఎడమకు జారేది.

మేస్త్రి ఆ సొట్టను ముట్టుకోకుండా రంగు వేయడానికి ఒప్పుకోవడం కమిటీని ఒప్పించడం కంటే కష్టమైంది. తన చేతి పనికి మాట వస్తుందని అతని బాధ. చివరికి లప్పం పెట్టకుండా, తుప్పు మాత్రం ఆపి, పైన రంగు వేశాడు. ఆ మడ్‌గార్డు దగ్గర ఫొటో దిగమంటే ఒప్పుకోలేదు.

ప్రయాణం

తనంతట తాను నడిచి రావాలన్న కోరికను చివరి మైలుకు కుదించాం. ఐదు టన్నులకు పైబడిన బరువు, ఆ కాలపు బ్రేకులు, నేటి రద్దీ, ఈ మూడూ కలిసే పని కాదు. మిగతా దూరం లోబెడ్ ట్రెయిలర్ మీద సాగింది. గొలుసులను స్ప్రింగులకు కాక ఇరుసులకే కట్టాం. నిచ్చెనను విడిగా పంపాం. గంట నాలుకకు తోలు చుట్టి కట్టాం, లేకపోతే దారి పొడవునా మోగుతూ పోయేది. ట్రెయిలర్ డ్రైవరు గంటకోసారి ఆగి గొలుసులు చూడాలని రాసిచ్చాను. అతను నవ్వాడు గానీ ఆగాడు.

చివరి మైలు నేనే నడిపాను. మాగ్నెటో మీద స్టార్ట్ చేసి, తర్వాత రెండూ కలిపాను. స్టేషన్ ముందు వాలులో బండిని వెనక్కి మళ్లిస్తుంటే, స్టీరింగు ఎంత తిప్పినా వెనుక భాగం ఎడమకే జరిగింది. గుంజకు నాలుగు వేళ్ల దూరంలో ఆపి, దిగి చూసి, మళ్లీ ముందుకు తీసి సరిచేశాను. జనం చప్పట్లు కొట్టారు. నా చొక్కా వీపున తడిసిపోయింది.

నీళ్లు చిమ్మే కార్యక్రమం ముగిసి, జనం పల్చబడ్డాక, ఆ బండి పంపు దగ్గర ఏళ్లపాటు పనిచేసిన ఒక పెద్దాయన కర్ర ఊతంతో వచ్చారు. ఎనభై దాటిన మనిషి. కుడి చేత్తో మీటర్ల పలకను తడిమి, "రిలీఫ్ వాల్వు పిడి చెక్కది ఉండేదయ్యా, ఇది ఇనుముది" అన్నారు. తోటవాళ్లు మార్చి ఉంటారని చెప్పాను. ఆయన సంచిలోంచి గుడ్డలో చుట్టిన వస్తువు తీశారు. కుళ్లిన నూలు గొట్టం ముక్క ఇంకా వేలాడుతున్న పాత ఇత్తడి కప్లింగ్. స్టేషన్ అటక మీద నుంచి దించారట.

ముందుగా వెనుక గోడ దగ్గరికి నడిచి, ఆ చచ్చిపోయిన హైడ్రెంటు మూత తీయించి, కప్లింగును దానికి ఎక్కించారు. సాఫీగా చివరిదాకా వెళ్లింది. విప్పుకుని బండి దగ్గరికి వచ్చారు. మేం అడాప్టర్లు తీసేశాం. నాలుగో అవుట్‌లెట్‌కు ఎక్కింది. మూడోదానికి, రెండోదానికి కూడా ఎక్కింది. ప్రతిసారీ అరచేత్తో ఒక్క తోపు తోసి వదిలేవారు, మిగతా చుట్లు దానంతటవే తిరిగేవి. అలా తిప్పడం నేను ఎవరి దగ్గరా చూడలేదు.

మొదటి అవుట్‌లెట్ దగ్గర రెండు చుట్లు తిరిగి, పక్కకు ఊగి, ఆగింది. ఆయన విప్పి, మరలను బొటనవేలితో తుడిచి, మళ్లీ ఎక్కించారు. అక్కడే ఆగింది.

"ఇది మా బండిది కాదే" అన్నారు.

నేను చేసింది చెప్పాను. ఆయన విని, కప్లింగును విప్పి, రెండో అవుట్‌లెట్‌కు బిగించి, గొట్టం ముక్కను కిందికి వేలాడేలా సర్ది అలాగే వదిలి వెళ్లారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. ప్రదర్శన రోజుల్లో కూడా దాన్ని తీయవద్దని కమిటీకి రాసిచ్చాను.